మనకు చదువు నేర్పిన మాయలూ మర్మాలూ



నేను చేసిన ఒక తప్పు ఒప్పుకుని ఈ ప్రసంగం మొదలుపెడతాను. బళ్ళారి జిల్లాలో ఒక ఉన్నత పాఠశాలలో నేను సాంఘికశాస్త్రం చెబుతాను. మా ఇంట్లో మాట తెలుగు, బడిలో పాఠం కన్నడం. ఇలాంటి ఇళ్ళు మీలో చాలామందికి ఉన్నాయి కనుక దీని గురించి ఎక్కువ వివరించనక్కర్లేదు. కొన్నేళ్ళ కిందట తొమ్మిదో తరగతిలో విజయనగర సామ్రాజ్యం గురించి చెబుతున్నాను. వెనక బెంచీలో ఒక కుర్రవాడు తల ఎత్తడం లేదు. దగ్గరికి వెళ్ళి చూస్తే, సాంఘికశాస్త్రం పుస్తకం మధ్యలో ఇంకో పుస్తకం ఉంది. అట్ట లేదు, కాగితాలు పసుపుపచ్చగా మారిపోయాయి. అది తెలుగు డిటెక్టివ్ నవల. వాడు అక్షరం కింద వేలు పెట్టి, పెదవులు కదుపుతూ చదువుకుంటున్నాడు.

పుస్తకం లాక్కున్నాను. నాలుగు మాటలు తిట్టాను. ఉపాధ్యాయుల గదిలో బీరువాలో పడేసి ఆ సంగతే మరిచిపోయాను.

ఆ పూట నా కంటికి ఆనని విషయం ఒకటుంది. ఆ పిల్లవాడికి బడిలో ఎవరూ తెలుగు నేర్పలేదు. మరి తెలుగు అచ్చు వాడు ఎలా చదువుతున్నాడు? డిటెక్టివ్ నవలను పట్టుకున్నానే గాని, కళ్ళముందున్న ఆ చిన్న మర్మాన్ని పట్టుకోలేకపోయాను. దాని జవాబు ప్రసంగం చివర చెబుతాను. మర్మం కథలు చెప్పేవాళ్ళు ఆ మాత్రం ఆపి ఉంచడం ఆనవాయితీ కదా!

ఆ తప్పు మనసులో మెదులుతూ ఉండడం వల్లనే, మొన్నటి వేసవి సెలవుల్లో పాత మర్మం నవలలూ, మాయల మంత్రాల కథలూ దొరికినన్ని వరుసగా చదివాను. ఈ మధ్య వాటిలో కొన్ని మళ్ళీ అచ్చయి వస్తున్నాయి కూడా. అవి చదివినప్పుడు తోచిన నాలుగు మాటలు, వాటి చరిత్రతో కలిపి ఇవాళ మీతో ముచ్చటిస్తాను.

తెలుగులో ఈ కథల పుట్టుక ఎక్కడ? డిటెక్టివ్ కథ ఇంగ్లీషువాళ్ళ దగ్గర నుంచి వచ్చిందని సాధారణంగా అంటారు. అమెరికాలో ఎడ్గార్ ఎలన్ పో 1841లో రాసిన కథతో అది మొదలైందని సాహిత్య చరిత్రకారులు చెబుతారు. అది నిజమే. కాని మన పాఠకుణ్ణి అటువంటి కథకు సిద్ధం చేసిన పుస్తకం ఒకటి మన దగ్గరే ఉంది. అదే మధిర సుబ్బన్న దీక్షితులుగారి కాశీమజిలీ కథలు. మొత్తం పన్నెండు భాగాలు. మణిసిద్ధుడు కాశీకి నడిచి వెళ్ళాలి. ఒంటరిగా వెళ్ళలేడు. పశువులు కాసుకునే ఒక కుర్రవాణ్ణి తోడు రమ్మంటాడు. ఆ కుర్రవాడు పెట్టే షరతు ఏమిటి? డబ్బు కాదు, తిండి కాదు. దారిలో ప్రతి మజిలీలోనూ తనకు కనబడిన వింత ఏమిటో, అది ఎందుకు అలా ఉందో కథగా చెప్పాలి! మణిసిద్ధుడు తన దగ్గరున్న మణి మహిమతో జరిగినదంతా తెలుసుకుని చెబుతాడు.

కాస్త ఆలోచించండి. ముందు ఒక వింత కనబడుతుంది. తరువాత, ఎందుకని ఒక ప్రశ్న పుడుతుంది. ఆ తరువాత వెనక జరిగిన కథ బయటపడుతుంది. డిటెక్టివ్ నవల నడిచేదీ ఈ వరసలోనే. తేడా అల్లా, మణిసిద్ధుడికి మణి ఉంది, డిటెక్టివ్‌కు బుర్ర ఉంది. ఇంకో విశేషం, ఇక్కడ ప్రశ్న వేసినవాడు పండితుడు కాదు, పశువుల కాపరి. అతడు అడగకపోతే పన్నెండు భాగాల కథ లేనే లేదు.

ఇరవయ్యో శతాబ్దం తొలి దశాబ్దాల్లో వంగదేశం నుంచి అపరాధ పరిశోధన నవలలు తెలుగులోకి వచ్చాయి. పాంచకడి దే రాసిన నవలలను మనవాళ్ళు అనువాదం చేసుకుని ఆత్రంగా చదివారు. తరువాత రైల్వే స్టేషన్లలో చౌక నవలలు దొరికే కాలం వచ్చింది. వెయ్యి నవలల రచయితగా పేరుపొందిన కొవ్వలి లక్ష్మీనరసింహారావుగారూ, జంపన చంద్రశేఖరరావుగారూ ఆ రోజుల్లో ప్రతి స్టేషన్ బల్ల మీదా ఉండేవారు. వాటిని పండితులు ఒప్పుకోలేదు, పెద్దలు ఇంట్లోకి రానివ్వలేదు. అయినా బండి ఎక్కిన మనిషి ఒక చేత్తో మరచెంబు, రెండో చేత్తో కొవ్వలి నవల పట్టుకునే ఎక్కేవాడని మా తాతగారు చెప్పేవారు.

ఇక 1950లలో కొమ్మూరి సాంబశివరావుగారి డిటెక్టివ్ యుగంధర్ వచ్చాడు. వెంట అసిస్టెంటు రాజు, పోలీసుల తరఫున ఇన్‌స్పెక్టర్ స్వరాజ్యరావు. ఉరితాడు, చావుకేక, ప్రాక్టికల్ జోకర్, చీకటికి వేయికళ్ళు వంటి పేర్లు వింటేనే మీలో కొందరికి పాత రోజులు గుర్తుకొస్తాయి. ఆ వెనకే టెంపోరావు, విశ్వప్రసాద్, గిరిజశ్రీ భగవాన్ వంటివారు వచ్చారు. ఇది చిల్లర సరుకని తీసిపారేసేవాళ్ళకు ఒక మాట చెప్పాలి. సమగ్ర ఆంధ్ర సాహిత్యం రాసిన ఆరుద్రగారే పలకల వెండిగ్లాసు, ఆనకట్ట మీద హత్య అనే డిటెక్టివ్ నవలలు కూడా రాశారు. అంత పండితుడికి చిన్నతనం అనిపించనిది మనకెందుకు అనిపించాలి?

ఈసారి యుగంధర్‌ను మళ్ళీ చదువుతుంటే, చిన్నప్పుడు తట్టని సంగతి ఒకటి తట్టింది. ఈయన ఉండేది మద్రాసులో. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం ఏర్పడింది. మద్రాసు మనకు రాలేదు. మా బళ్ళారి జిల్లా కూడా అప్పుడే చీలింది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు వెళ్ళాయి, బళ్ళారి మైసూరు రాష్ట్రంలో కలిసింది. అన్నదమ్ముల్లో ఒకరి పొలం అటు, ఒకరి పొలం ఇటు పడింది. రాష్ట్రం వచ్చినా యుగంధర్ మాత్రం పెట్టె సర్దుకుని కర్నూలుకో హైదరాబాదుకో వెళ్ళలేదు. మద్రాసు వీధుల్లోనే తిరుగుతూ తెలుగులో మాట్లాడుతూ హంతకులను పట్టుకున్నాడు. అంటే, తెలుగువాళ్ళ పేరుమోసిన డిటెక్టివ్ మనలాగే పొరుగు రాష్ట్రంలో కాపురమున్న తెలుగువాడన్నమాట!

అయితే ఆయన ఒంటరివాడేం కాదు. మన చుట్టూ ఉన్న ప్రతి భాషకూ ఒక పరిశోధకుడు ఉన్నాడు. కన్నడంలో ఎన్. నరసింహయ్యగారు పత్తేదారి పురుషోత్తముణ్ణి సృష్టించారు. ఆయన బడిలో చదివింది నాలుగో తరగతి వరకే. రాసినవి మాత్రం ఐదువందలకు పైగా నవలలు. కన్నడనాట ఎంతోమందికి చదివే అలవాటు చేసింది ఆయనేనని కన్నడిగులే చెప్పుకుంటారు. పసుపు, ఎరుపు రంగుల కన్నడ జెండాను రూపొందించిన మ. రామమూర్తిగారు కూడా పత్తేదారి నవలలు రాసినవారే. తమిళంలో సుజాతగారి లాయర్లు గణేశ్, వసంత్ ఉన్నారు. ఆ సుజాత అసలు పేరు రంగరాజన్. బెంగళూరులో భారత్ ఎలక్ట్రానిక్స్‌లో ఇంజనీరుగా పనిచేస్తూ తమిళంలో రాసిన మనిషి. మరాఠీలో బాబూరావ్ అర్నాళ్కర్ వెయ్యికి పైగా రహస్య కథలు రాశారు. షోలాపూరులో మగ్గాల మధ్య పెరిగిన మన తెలుగు పిల్లలకు అర్నాళ్కర్ పేరూ కొత్త కాదు, యుగంధర్ పేరూ కొత్త కాదు.

ఇంతకూ నాకు తెలుగు చదవడం ఎలా వచ్చిందో చెప్పాలి. నాకూ బడిలో తెలుగు లేదు. మా మేనమామ పాత చందమామలు ఏడాదికొకటిగా బైండు చేయించి పెట్టుకున్నాడు. మా పక్కింట్లో కన్నడం మేష్టారు ఉండేవారు. ఆయన దగ్గర కన్నడ చందమామలు ఉండేవి. నాగిరెడ్డి, చక్రపాణిగార్లు 1947 జూలైలో మద్రాసులో తెలుగు, తమిళ భాషల్లో ఆ పత్రిక మొదలుపెట్టారు. కన్నడం 1949లో వచ్చింది. మరాఠీలో చాందోబా 1952లో, ఒడియాలో జన్హమాము 1956లో వచ్చాయి. పేర్లు వేరు, భాష వేరు, బొమ్మలు మాత్రం అవే.

ఒక వేసవిలో ఆ రెండు బైండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టుకుని కూర్చున్నాను. ఇటు కన్నడం, నాకు చదవను వచ్చు. అటు తెలుగు, నాకు వినను వచ్చు. గ, న, ర, ల దాదాపు ఒకటే. త దగ్గర, శ దగ్గర, క దగ్గర తడబాటు. తలకట్టు ఒకచోట గీతలా ఉంటుంది, ఇంకోచోట టిక్కు పెట్టినట్టు ఉంటుంది. చిత్రాగారి బొమ్మ చూసి కథ ఎక్కడున్నదో పోల్చుకునేవాణ్ణి. కన్నడంలో చదివిన వాక్యాన్ని తెలుగులో వెతుక్కునేవాణ్ణి. రెండు నెలల్లో తెలుగు చదవడం వచ్చేసింది. నాకు అక్షరాభ్యాసం చేయించిన గురువు ఎవరంటే, ఒంటికన్ను మాంత్రికుడు ఏకాక్షి!

ఏకాక్షి ఎవరో పెద్దవాళ్ళకు చెప్పనక్కర్లేదు. 1954లో మొదలైన తోకచుక్క ధారావాహికలో ఒకవైపు ఏకాక్షి, ఇంకోవైపు చతుర్నేత్రుడు, ఇద్దరి మధ్య చిక్కుకున్న సేనాని సమరసేనుడు. రాసింది దాసరి సుబ్రహ్మణ్యంగారు. ఆయన 1978 వరకు పన్నెండు ధారావాహికలు రాశారు. కంచుకోట, రాకాసిలోయ, పాతాళదుర్గం, రాతిరథం, మాయాసరోవరం, ఇలా ఎన్నని చెప్పను! విచిత్రమేమిటంటే ఆ కథల మీద ఆయన పేరు ఉండేది కాదు. తరాల తరబడి పిల్లలు చదివారు, రాసిందెవరో తెలియదు. ఆయన 2010లో పోయారు. పెద్దయ్యాక ఆ పేరు తెలిసినప్పుడు, ఎన్నాళ్ళుగానో ఇంట్లోనే మసలిన మనిషిని అప్పుడే ఎవరో పరిచయం చేసినట్టు అనిపించింది. చందమామ ఇప్పుడు రావడం లేదు. ఆ ధారావాహికలు మాత్రం పుస్తకాలుగా వచ్చి, కొత్త పిల్లల చేతికి అందుతున్నాయి.

ఇక ఈ వేసవి చదువులో నన్ను నిలబెట్టి ఆలోచింపజేసిన సంగతికి వస్తాను. మన మాయల కథల్లో మంత్రగాడు ఏ ఊరివాడు? ఈ ప్రశ్న ఎప్పుడైనా వేసుకున్నారా? బాలనాగమ్మను ఎత్తుకుపోయినవాడు మాయల మరాఠీ. 1951లో వచ్చిన పాతాళభైరవిలో తోటరాముణ్ణి బలి ఇవ్వబోయినవాడు నేపాళ మాంత్రికుడు. పల్లెటూరి కథల్లోనైతే మలయాళ మంత్రగాడు. తెలుగు మంత్రగాడు ఒక్కడూ లేడే! ప్రతి జాతికీ తన భయం పొలిమేర అవతలే కాపురం ఉంటుంది. సరిహద్దులో ఉన్న మనకు ఆ సంగతి బాగా తెలుసు. ఎందుకంటే మనం ఎప్పుడూ ఎవరో ఒకరికి పొలిమేర అవతలివాళ్ళమే. షోలాపూరులో మరాఠీ స్నేహితుణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని బాలనాగమ్మ కథ చెప్పవలసి వస్తే, ఆ మాంత్రికుడి పేరు దగ్గర నోరు కాస్త తడబడకుండా ఉంటుందా?

ఇది మన ఒక్కరి జబ్బు కాదు. ఇంగ్లండులో రొనాల్డ్ నాక్స్ అనే క్రైస్తవ మతాచార్యుడు ఉండేవాడు. ఆయన కూడా డిటెక్టివ్ నవలలు రాశాడు. 1929లో ఆయన అపరాధ పరిశోధన కథలకు పది నియమాలు పెట్టాడు. మొదటి నియమం ఏమిటంటే, నేరస్థుడు కథ మొదట్లోనే పాఠకుడికి కనబడి ఉండాలి, చివర్లో ఎక్కడినుంచో ఊడిపడకూడదు. రెండోది, దెయ్యాలూ మహిమలూ పనికిరావు. ఐదో నియమం కథలో చీనావాడు ఉండకూడదని. వినడానికి తప్పుగా ఉంటుంది. దాని వెనక ఉన్నది మాత్రం ఒక ఎత్తిపొడుపు. ఆ కాలపు ఇంగ్లీషు చవక నవలల్లో ఏ ఘోరం జరిగినా ఒక చీనా దుర్మార్గుడి మీద తోసేసేవారు. అలా పరాయివాడి మీద నెట్టేసి తప్పించుకోవడం సోమరి రచయితల పని అని ఆయన వెక్కిరింత.

అక్కడ నాకు మాయ కథకూ, మర్మం కథకూ మధ్య ఉన్న అసలు తేడా అర్థమైంది. పాత మాయ కథ అంటుంది, కీడు బయటినుంచి వచ్చింది, పరాయి మంత్రగాడు తెచ్చాడని. డిటెక్టివ్ కథ అంటుంది, బయటికి చూడకండి, నేరం చేసినవాడు ఈ ఇంట్లోనే ఉన్నాడు, మీతో కలిసి భోజనం చేసిన మనిషే అని. మొదటిది భయపెడుతుంది. రెండోది ఆలోచించమంటుంది.

మాయ కథలన్నీ అలాగే ఉండనక్కర్లేదని చూపినవారూ మనకున్నారు. దాసరివారు తన మాంత్రికులను మహారాష్ట్రంలోనో మలయాళంలోనో పెట్టలేదు. కుండలినీ ద్వీపం వంటి, ఏ పటంలోనూ లేని చోట్లు కల్పించారు. ఆ కథ ఏ భాషలోకి వెళ్ళినా అక్కడి పిల్లవాడు చిన్నబుచ్చుకోవలసిన పని లేదు. విశ్వనాథ సత్యనారాయణగారైతే హాహాహూహూలో ఇంకొక అడుగు ముందుకు వేశారు. గుర్రం తల ఉన్న గంధర్వుడు రెక్క విరిగి లండను నగరంలో పడతాడు. అక్కడివాళ్ళు అతణ్ణి వింత జంతువును పెట్టినట్టు బోనులో పెడతారు. చదువుతూ పోతే బోనులో ఉన్నవాడు వింతా, బయట నిలబడి చూస్తున్నవాళ్ళు వింతా అని మనకే సందేహం వస్తుంది. పరాయివాడి కళ్ళతో మనల్ని చూసుకునేలా చేయడం కూడా మాయ కథ చేయగలిగిన మేలే.

1980 ప్రాంతంలో యండమూరి వీరేంద్రనాథ్‌గారి తులసిదళం వచ్చి ఈ రెండు దారులనూ కలిపింది. ఒక చిన్నపిల్ల ప్రాణం మీదికి వస్తుంది. అది కాష్మోరా అనే క్షుద్రశక్తి ప్రయోగమా, వైద్యానికి అందే జబ్బా? కథ రెండు పట్టాల మీదా సమానంగా నడుస్తుంది. వారం వారం పత్రిక కోసం జనం ఎదురుచూశారు. కన్నడంలోకి కూడా వెళ్ళింది, 1985లో అక్కడ సినిమాగా వచ్చింది. దాని మీద గట్టి విమర్శ కూడా వచ్చింది. రంగనాయకమ్మగారు తులసిదళం కాదు గంజాయి దమ్ము అని ఏకంగా ఒక పుస్తకమే రాశారు.

ఈసారి చదివినప్పుడు నేను ఆ తగాదాలో ఎటువైపు నిలబడ్డానంటే, కొంచెం ఇటూ, కొంచెం అటూ. పట్టు వదలకుండా చదివించే నేర్పు ఆ రచయితకు ఉంది, కాదనలేను. మంత్రాన్ని పక్కన పెట్టి చూస్తే ఆ పిల్ల మీదికి కీడు తెచ్చింది ఆస్తి మీద ఆశే, అంటే మనిషి పనే. అయితే పుస్తకం మూసేశాక చాలామందికి గుర్తుండేది ఆస్తి కాదు, కాష్మోరాయే. చేతబడి చేసిందన్న అనుమానంతో దిక్కులేని ముసలమ్మను ఊరంతా కలిసి కొట్టిన ఘోరాలు మన ప్రాంతాలకు కొత్త కాదు. అందుకే కదా కర్ణాటకలో దురాచారాలనూ చేతబడినీ అరికట్టే చట్టం 2017లో చేసి, 2020 జనవరి నుంచి అమలులోకి తెచ్చారు! కథలో భయం సరదాగా ఉంటుంది. అదే భయం వీధిలోకి వచ్చి పక్కింటి మనిషి మీద వేలు చూపిస్తే సరదా కాదు. పిల్లలకు ఇలాంటి పుస్తకం ఇవ్వవద్దని నేను అనను. ఇచ్చాక పక్కన కూర్చుని, ఎవరు లాభపడ్డారు, ఎవరిమీద నింద పడింది అని అడగమంటాను.

యండమూరిగారిదే వెన్నెల్లో ఆడపిల్ల చదవండి. అందులో హత్య లేదు, దెయ్యం లేదు. చదరంగం ఆటగాడికి ఒక ఆడపిల్ల గొంతు ఫోనులో వినిపిస్తుంది. ఎవరో, ఎక్కడుంటుందో చెప్పదు, చిక్కుప్రశ్నలిస్తుంది. అతడు ఒక్కొక్క ఆధారమూ పట్టుకుని వెతకాలి. దీన్నే సునీల్ కుమార్ దేశాయ్ 1995లో బెళదింగళ బాలె పేరుతో కన్నడంలో సినిమా తీశారు. మా ఊళ్ళో అది చూసి కంటతడి పెట్టుకున్న కన్నడ స్నేహితులకు, మూలం తెలుగు నవల అని చెబితే నమ్మలేదు. మూలం చదివిన తెలుగువాళ్ళలో సినిమా చూడనివాళ్ళు ఉన్నారు. రెండూ ఎరిగినవాడు సరిహద్దువాడే. కనబడని గొంతు మనిషిని ఎంతగా కట్టిపడేస్తుందో రేడియో వినే మీకు నేను చెప్పాలా!

సరే, ఇక నా తప్పు దగ్గరికి వద్దాం. పుస్తకం లాక్కున్న రెండు నెలలకు, సంతలో ఒక ముసలమ్మ నా ముందుకొచ్చి నిలబడింది. చింతపండు అమ్ముకునే మనిషి.

"అయ్యవారూ, మా పిల్లోని దగ్గర పుస్తకం తీసుకున్నారంట. ఎప్పుడిస్తారప్పా?" అంది.

తరగతిలో కథల పుస్తకాలు చదవకూడదని నేను మొదలుపెట్టబోయాను. ఆమె వినిపించుకోలేదు. "వాడు చదివేది నాకోసం. రాత్రిపూట నాకు చదివి చెప్పల్ల కదా! బళ్ళో ముందుగా చూసుకుంటే గాని వానికి నోరు తిరగదు" అంది.

అదీ సంగతి. ఆ పుస్తకం ఆమె కొడుకుది, అంటే పిల్లవాడి తండ్రిది. కొడుకు పోయాడు. మనవడికి కన్నడం అక్షరాలే వచ్చు. ఆమెకు ఏ అక్షరాలూ రావు. వాడు కన్నడం అక్షరాలతో పోల్చుకుంటూ తప్పో ఒప్పో చదివితే, ఆమె ఆ మాట సరిగ్గా ఏమిటో చెప్పి దిద్దేది. చదువు రాని అవ్వా, తెలుగు నేర్వని మనవడూ కలిసి ఒక నవల చదువుతున్నారు. ఆ బడిని మూసేసింది నేను, బీయీడీ చదివిన అయ్యవారిని!

మర్నాడే బీరువా తెరిచాను. పుస్తకం ఉంది, ఆఖరి కాగితాలు మాత్రం లేవు. బీరువాలో పోయాయేమోనని నా గుండె గుభేలుమంది. సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళి, చివరి పుటలు పోయినట్టున్నాయి, క్షమించాలి అన్నాను. ఆమె నవ్వింది.

"ఆకరి కాగితాలు మేము తెచ్చుకున్ననాటినుంచే లేవప్పా. లేకపోతే ఏమిప్పుడు? వాడు యాడికి పోతాడు, ముందు కాగితాల్లోనే యాడో దాక్కోనుంటాడు కదా!" అంది.

వాళ్ళు అందుకోసమే మొదటినుంచీ మళ్ళీ మళ్ళీ చదువుతున్నారు. రొనాల్డ్ నాక్స్ పెట్టిన మొదటి నియమం ఆమె ఎవరూ చెప్పకుండానే కనుక్కుంది. "ఆ రాత్రి నేను ఊళ్ళోనే లేనన్నాడే, ఆ గుమాస్తా. మరి ఆ రాత్రి వాన పడిందని వానికెట్ల తెలిసె?" అని అడిగింది. ఆ నవల నేను అప్పటికే చదివాను. నాకు ఆ వాన కనబడలేదు.

ఆ పిల్లవాడితో చివరి అధ్యాయం రాయించాను. రెండు పుటలు రాసుకొచ్చాడు. భాష తెలుగు. అక్షరాల్లో సగానికి కన్నడం తలకట్లు. ఒక్కటి కూడా దిద్దలేదు. చదివి, అవ్వకు వినిపించమన్నాను.

శ్రోతలారా, మన పిల్లలు తెలుగు మాట్లాడతారు గాని చదవలేరని మనం ప్రతి సభలోనూ బాధపడతాం. శతకాలు కొనిపెడతాం, వ్యాకరణం కొనిపెడతాం. మంచివే, ఉండవలసినవే. కాని చదువు రాని మనిషిని అచ్చు దగ్గరికి లాక్కొచ్చే శక్తి ఒక ప్రశ్నకు ఉంది. తరువాత ఏమైంది? చేసిందెవరు? ఆ ప్రశ్న కాశీ దారిలో పశువుల కాపరిని నడిపించింది. పక్కపక్కన పెట్టుకున్న రెండు చందమామల మధ్య నన్ను కూర్చోబెట్టింది. చింతపండు అమ్ముకునే అవ్వకు చివరి కాగితాలు లేని పుస్తకాన్ని చాలినంత పుస్తకం చేసింది.

మీ ఇంటి అటక మీద అట్ట ఊడిన యుగంధరో, చెదపట్టిన చందమామో ఉంటే దులిపి దించండి. పిల్లలకు మొదటి అధ్యాయం మీరు చదివి వినిపించండి. అసలు ఘట్టం దగ్గర ఆపి, పనుందని లేచి వెళ్ళిపోండి. మిగతాది వాళ్ళే చదువుకుంటారు. కన్నడం అక్షరాలతోనో, తమిళం అక్షరాలతోనో, ఒడియా అక్షరాలతోనో కూడబలుక్కుని చదివినా సరే, తరగతిలో పాఠం పుస్తకం మధ్యన దాచుకుని చదివినా సరే. అయ్యవారు చూస్తే ఏమంటాడోనని భయపడవద్దని చెప్పండి. కనీసం ఈ అయ్యవారు ఏమీ అనడు.